ఫార్మాట్ చేశాక తిరిగిరానివి: వర్డ్ టెంప్లేట్లనూ ఫైళ్లనూ ఒక చోటికి చేర్చడం

కంప్యూటర్ మొరాయించి రిపేరు షాపుకు వెళ్తే మొదట అడిగేది "డేటా ఏమైనా ఉందా?" అని. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లను పక్కకు తీసి, సి డ్రైవ్ ఫార్మాట్ చేసి, విండోస్ మళ్లీ వేసి ఇస్తారు. ఫైళ్లన్నీ వెనక్కి వస్తాయి. అయినా డిటిపి సెంటర్లోనో, దస్తావేజులు రాసే చోటో వర్డ్ తెరిచి కొత్త పేజీ తీసుకోగానే లోటు తెలుస్తుంది. స్టాంపు ముద్ర వదిలి కిందినుంచి మొదలయ్యే మొదటి పేజీ మార్జిను పోయింది. రెండక్షరాలు కొడితే హద్దుల వాక్యం మొత్తం విచ్చుకునే ఆటోకరెక్ట్ లేదు. ఏళ్ల తరబడి నిఘంటువులో చేర్చుకున్న ఊళ్ల పేర్లు, ఇంటి పేర్లు అన్నిటికీ మళ్లీ ఎర్ర గీతలు. పోయింది ఫైళ్లు కాదు, ఫైళ్లు తయారు చేసే పనిముట్లు.

ఇందులో షాపువాళ్ల తప్పేమీ లేదు. ఆ పనిముట్లను వర్డ్ మామూలుగా కంటికి కనిపించని చోట పెడుతుంది. యూజర్స్ ఫోల్డర్లో మీ పేరు మీద ఉన్న ఫోల్డరులో యాప్‌డేటా అని ఇంకొకటి ఉంటుంది. అది దాచిన ఫోల్డరు. అందులో రోమింగ్, దానిలో మైక్రోసాఫ్ట్, దానిలో టెంప్లేట్స్. నార్మల్ డాట్ డాటెమ్ అనే ఫైలు ఉండేది అక్కడ. కొత్త ఖాళీ పేజీ ఎలా ఉండాలో నిర్ణయించేది ఆ ఫైలే. రికార్డు చేసుకున్న మాక్రోలు (ఒక్క నొక్కుతో నడిచే పనుల వరుసలు), మార్చుకున్న కీబోర్డు షార్ట్‌కట్లు, ఫార్మాటింగుతో సహా దాచుకున్న ఆటోకరెక్ట్ మాటలు కూడా అందులోనే ఉంటాయి. విండోస్‌తో వచ్చే ఫైల్ హిస్టరీ యాప్‌డేటాను మొత్తంగా చూసుకుంటుందన్న భరోసా లేదు. వన్‌డ్రైవ్ బ్యాకప్ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి పైకి కనిపించే ఫోల్డర్లనే చూసుకుంటుంది. బ్యాకప్ సక్రమంగా నడుస్తోందని పచ్చ టిక్కు చూపిస్తూనే అసలైన ఫోల్డరును వదిలేస్తుంది.

అందుకే టెంప్లేట్లను, అంటే కొత్త పత్రాలకు మూసలుగా ఉండే ఫైళ్లను, పత్రాలను బ్యాకప్‌కు చిక్కే ఒకే తల్లి ఫోల్డరు కిందికి చేర్చడం మంచిది. అన్నిటినీ ఒకే తీరుగా జరపకూడదు. కొన్నిటిని పూర్తిగా తరలించాలి, కొన్నిటిని ఉన్నచోటే ఉంచి నకలు మాత్రం తీసుకోవాలి. ఈ తేడా పాటించకపోతే తరలింపే నష్టం తెస్తుంది.

చోటు, పేరు

మన దగ్గర అసెంబుల్డ్ సిస్టమ్స్‌లో చాలావాటికి ఒకే హార్డ్‌డిస్కును సి, డి, ఇ అని భాగాలు చేసి ఇస్తారు. డి డ్రైవ్‌లో పెడితే సి ఫార్మాట్ చేసినా ఫైళ్లు మిగులుతాయి. ఆ మేరకు లాభమే. కానీ డిస్కే చెడిపోతే మూడూ ఒకేసారి పోతాయి. కాబట్టి డి డ్రైవుకు మార్చడం బ్యాకప్‌కు సన్నాహం మాత్రమే. బ్యాకప్ అంటే ఇంకో డిస్కులో ఉన్న నకలు.

డి డ్రైవ్‌లో వర్క్ అనే ఫోల్డరు, దానిలో డాక్స్, టెంప్లేట్స్, సెట్టింగ్స్ అని మూడు ఫోల్డర్లు చాలు. తల్లి ఫోల్డర్ల పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, పొట్టిగా పెట్టుకోవడం మేలు. తెలుగు పేర్లు విండోస్‌కు అర్థం కావని కాదు, ఎప్పటినుంచో అవుతున్నాయి. చిక్కు పొడవు దగ్గర వస్తుంది. డ్రైవ్ అక్షరం నుంచి ఫైలు పేరు చివరిదాకా మొత్తం దారి 260 అక్షరాలు దాటకూడదన్న పాత పరిమితిని వర్డ్ ఇప్పటికీ పాటిస్తోంది. ఆ లెక్కలో పొల్లు, వత్తు, గుణింతం గుర్తు దేనికదే ఒక అక్షరం. 'శ్రీనివాస' కంటికి నాలుగక్షరాలు, విండోస్ లెక్కలో తొమ్మిది. 'దస్తావేజులు' కంటికి ఐదు, లెక్కలో పదకొండు. నాలుగైదు తెలుగు ఫోల్డర్లు ఒకదానిలో ఒకటి ఉండి, లోపలి ఫైలు పేరులో పార్టీల పేర్లు, సర్వే నంబరు, తేదీ ఉంటే 260 తొందరగానే నిండిపోతుంది. లోతు తక్కువగా ఉన్న చోట నడుస్తున్న ఫైలు, బ్యాకప్ డిస్కులో తేదీ వేసిన మరో ఫోల్డరు కిందికి వెళ్లాక తెరుచుకోదు. లినక్స్ సర్వరులోకి నకలు తీసేవారికి ఇంకో హద్దు ఉంది. అక్కడ ఒక్క ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. యూనికోడ్ తెలుగులో ప్రతి గుర్తుకూ 3 బైట్లు పడతాయి గనుక 85 గుర్తులతో సరి. లోపలి ఫైళ్లకు తెలుగు పేర్లు నిరభ్యంతరంగా పెట్టుకోవచ్చు, పొడవు మీద కన్నేసి ఉంచితే చాలు.

పత్రాల తరలింపు

తేలికైనది ఇదే. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో డాక్యుమెంట్స్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో లొకేషన్ అన్న ట్యాబులో మూవ్ నొక్కి, డి డ్రైవ్ వర్క్‌లోని డాక్స్ ఫోల్డరును చూపించాలి. పాత ఫైళ్లను కూడా తరలించాలా అని అడుగుతుంది, అవునని చెప్పాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు నేరుగా డి డ్రైవ్‌నే చూపించడం. అప్పుడు డ్రైవ్ మొత్తం డాక్యుమెంట్స్‌గా మారిపోతుంది. తర్వాత దాన్ని విడదీయడం పెద్ద తలనొప్పి. ఎప్పుడూ డ్రైవ్ లోపలి ఒక ఫోల్డరునే చూపించాలి. వన్‌డ్రైవ్ బ్యాకప్ ఇప్పటికే నడుస్తుంటే డాక్యుమెంట్స్ వన్‌డ్రైవ్ ఫోల్డరు లోపలికి ముందే వెళ్లిపోయి ఉంటుంది. దాన్ని ఆపి, ఫైళ్లు ఎక్కడున్నాయో చూసుకుని, ఆ తర్వాతే జరపాలి.

విండోస్ ఫోల్డరును కదల్చడం ఇష్టం లేకపోతే వర్డ్ ఒక్కదానికే చెప్పవచ్చు. ఫైల్, ఆప్షన్స్, సేవ్ పేజీలో డీఫాల్ట్ లోకల్ ఫైల్ లొకేషన్ అన్న గడిలో కొత్త దారి ఇస్తే సేవ్ చేసేటప్పుడు వర్డ్ ముందుగా అక్కడికే వెళ్తుంది. పాత ఫైళ్లను మాత్రం మీరే చేత్తో తరలించాలి.

తరలించాక విరిగేవి లింకులు. ఒకే పత్రాన్ని జాబితాలోని ఒక్కొక్కరి పేరుతో తీసే మెయిల్ మెర్జ్ పత్రం తన ఎక్సెల్ జాబితా ఎక్కడుందో పూర్తి దారితో సహా గుర్తుపెట్టుకుంటుంది. బడిలో హాల్ టికెట్లు, పంచాయతీలో నోటీసులు, పెళ్లి శుభలేఖల చిరునామాలు ఇలా నడిచేవే. జాబితా చోటు మారితే డేటా దొరకలేదని వర్డ్ చెబుతుంది. కొత్త చోటు చూపించి పత్రాన్ని మళ్లీ సేవ్ చేస్తే సరి. లింకుగా పెట్టిన బొమ్మలకూ, వేరే ఫైలు నుంచి లాగే భాగాలకూ ఇదే వరస. ఆల్ట్‌తో పాటు ఎఫ్9 నొక్కితే ఫీల్డు సంకేతాలు కనిపిస్తాయి, పాత దారి ఇంకా ఎక్కడుందో అందులో చూసుకోవచ్చు. లింకులు ఉన్న పత్రమైతే ఫైల్ మెనూలో ఇన్ఫో పేజీలో ఎడిట్ లింక్స్ టు ఫైల్స్ అన్నది కూడా కనిపిస్తుంది.

టెంప్లేట్లు: మూడు రకాలు, మూడు పద్ధతులు

మీరే తయారు చేసుకున్న మూసలు, అంటే క్రయ దస్తావేజు, అఫిడవిట్, అద్దె ఒప్పందం, లెటర్‌హెడ్ వంటివి మొదటి రకం. వర్డ్ 2013 నుంచి ఇవి డాక్యుమెంట్స్‌లో కస్టమ్ ఆఫీస్ టెంప్లేట్స్ అనే ఫోల్డరులో పడతాయి. వీటిని వర్క్ కిందున్న టెంప్లేట్స్‌లోకి కాపీ చేసి, ఆప్షన్స్‌లో సేవ్ పేజీకి వెళ్లి డీఫాల్ట్ పర్సనల్ టెంప్లేట్స్ లొకేషన్ గడిలో ఆ దారి రాయాలి. ఆ గడి పక్కన బ్రౌజ్ బటన్ కనిపించకపోతే ఎక్స్‌ప్లోరర్ చిరునామా పట్టీ నుంచి దారిని కాపీ చేసి అతికించండి. చేత్తో కొడితే ఒక్క అక్షరం తప్పినా ఫైల్, న్యూ పేజీలో పర్సనల్ లేదా కస్టమ్ అన్న విభాగంలో మీ మూసలు కనిపించవు, తప్పు జరిగిందన్న సందేశమూ రాదు. దారిలో తప్పు వల్లనే మూసలు కనిపించవని తెలియక చాలామంది వర్డ్‌నే తీసేసి మళ్లీ వేస్తారు.

ఆఫీసులో నలుగురైదుగురు ఒకే మూసలు వాడితే వాటిని వర్క్‌గ్రూప్ టెంప్లేట్స్‌గా చూపించాలి. ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ పేజీలో కిందికంటా వెళ్తే జనరల్ అనే భాగం, అందులో ఫైల్ లొకేషన్స్ బటన్ ఉంటాయి. అక్కడి జాబితాలో వర్క్‌గ్రూప్ టెంప్లేట్స్ ఎంచి మాడిఫై నొక్కి అందరికీ అందే షేర్డ్ ఫోల్డరు ఇవ్వాలి. ఆ ఫోల్డరు మీద మిగతావారికి చదివే హక్కు మాత్రమే ఇవ్వడం శ్రేయస్కరం. లేకపోతే ఎవరో ఒకరు మూసను నేరుగా తెరిచి, అందులోనే పార్టీల పేర్లు నింపి సేవ్ కొట్టేస్తారు. మర్నాడు అందరికీ ఆ పేర్లతోనే కొత్త దస్తావేజు తెరుచుకుంటుంది.

ఇక నార్మల్ ఫైలు. ఇది ఉండే చోటును అదే ఫైల్ లొకేషన్స్ జాబితాలో యూజర్ టెంప్లేట్స్ వరుస నిర్ణయిస్తుంది. దీన్ని జరపవచ్చు, అయితే వరుస తప్పకూడదు. ముందు వర్డ్, అవుట్‌లుక్ రెండూ మూయాలి. కొన్ని అవుట్‌లుక్‌లు మెయిల్ రాయడానికి వర్డ్‌నే వాడుతూ, నార్మల్‌ఈమెయిల్ అనే తమ సొంత ఫైలును అదే ఫోల్డరులో పెట్టుకుంటాయి. విండోస్ కీతో పాటు ఆర్ నొక్కి, వచ్చిన చిన్న గడిలో యాప్‌డేటా మాటను ఇంగ్లిషులో రెండు శాతం గుర్తుల మధ్య రాస్తే దాచిన రోమింగ్ ఫోల్డరు నేరుగా తెరుచుకుంటుంది. అక్కడి టెంప్లేట్స్ ఫోల్డరులో ఉన్నవాటిని కొత్త చోటికి కాపీ చేయాలి, కట్ చేయకూడదు. ఆ తర్వాత వర్డ్ తెరిచి, యూజర్ టెంప్లేట్స్ దారి మార్చి, మూసి, మళ్లీ తెరిచి మీ మాక్రోలు, షార్ట్‌కట్లు ఉన్నాయో లేదో చూడాలి. ఫైలును కాపీ చేయకుండా ముందే దారి మారిస్తే, కొత్త చోట నార్మల్ కనిపించక వర్డ్ కొత్తదొకటి తనకు తానే తయారు చేసుకుంటుంది. ఏమీ అడగదు. పాత ఫైలు పాత చోట క్షేమంగానే ఉంటుంది, అది తెలియక అంతా పోయిందనుకుంటారు.

నార్మల్‌ను ఎక్కడ పెట్టకూడదో కూడా చెప్పాలి. పెన్‌డ్రైవ్, ఎప్పుడూ తగిలించి ఉండని డిస్కు, నెట్‌వర్క్ ఫోల్డరు, వన్‌డ్రైవ్ లేదా గూగుల్ డ్రైవ్ సింక్ ఫోల్డరు, ఇవేవీ పనికిరావు. వర్డ్ నడిచినంతసేపూ ఆ ఫైలును పట్టుకునే ఉంటుంది, మూసేటప్పుడు మార్పులుంటే రాస్తుంది. సింక్ ప్రోగ్రాము అదే సమయంలో దాన్ని పంపాలని చూస్తుంది. ఇంట్లో ల్యాప్‌టాప్, ఆఫీసులో డెస్క్‌టాప్ రెండూ ఒకే నార్మల్‌ను సింక్ ద్వారా పంచుకుంటే, ఏది చివరగా మూస్తే దానిదే నిలుస్తుంది. లేదా కంప్యూటర్ పేరు తగిలించుకున్న రెండో నకలు పుడుతుంది, దాన్ని వర్డ్ చూడనే చూడదు. సొంత డిస్కులో మరో భాగానికి జరపడం వరకు ఫరవాలేదు. దానికి మించి జరపాలనిపిస్తే జరపకుండా, ఉన్నచోటే ఉంచి రోజూ నకలు తీసుకోవడమే సరైన దారి.

దీనికంటే మంచి అలవాటు నార్మల్‌లో విలువైనదేదీ ఉంచకపోవడం. మాక్రోలను, రెడీమేడ్ పేరాలను సొంత పేరున్న మరో డాటెమ్ ఫైలులో పెట్టి, దాన్ని వర్డ్ స్టార్టప్ ఫోల్డరులో వేస్తే వర్డ్ తెరిచిన ప్రతిసారీ అది తనంత తానే లోడ్ అవుతుంది. అప్పుడు నార్మల్ చెడిపోతే దాని పేరు మార్చి పక్కన పడేస్తే చాలు, వర్డ్ కొత్తది చేసుకుంటుంది, మీకు పోయేదేమీ ఉండదు. స్టార్టప్ ఫోల్డరు దారిని కూడా ఫైల్ లొకేషన్స్‌లోనే మార్చి వర్క్ కిందికి తేవచ్చు.

చోటు మారగానే మాక్రోలు ఆగిపోతే భయపడనక్కర్లేదు. వర్డ్ తన అసలు టెంప్లేట్స్, స్టార్టప్ ఫోల్డర్లను పుట్టుకతోనే నమ్ముతుంది. కొత్త ఫోల్డరు దానికి పరాయిది. ఆప్షన్స్‌లో ట్రస్ట్ సెంటర్, దాని సెట్టింగ్స్‌లో ట్రస్టెడ్ లొకేషన్స్‌కు వెళ్లి డి డ్రైవ్ వర్క్‌లోని టెంప్లేట్స్, స్టార్టప్ ఫోల్డర్లను చేర్చాలి. నెట్‌వర్క్ ఫోల్డరైతే అందుకు అనుమతించే గడిలో విడిగా టిక్ పెట్టాలి. సౌకర్యంగా ఉందని డౌన్‌లోడ్స్‌నో, డి డ్రైవ్ మొత్తాన్నో నమ్మదగిన చోటుగా పెట్టవద్దు. ఎవరో పంపిన ఫైలులోని హానికర మాక్రో కూడా అడ్డులేకుండా నడుస్తుంది. మెయిల్ ద్వారా తిరిగి తెచ్చుకున్న టెంప్లేటుకు ఇంటర్నెట్ నుంచి వచ్చిన గుర్తు అంటుకుని ఉంటుంది, 2022 నుంచి అలాంటి ఫైళ్లలో మాక్రోలను వర్డ్ ఆపేస్తోంది. అది మీ సొంత ఫైలే అని తేల్చుకున్నాక, ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ పెడితే ఆ గుర్తు పోతుంది.

పాత పత్రాలు నెమ్మదిగా తెరుచుకోవడం మరో ఫిర్యాదు. ప్రతి పత్రం తాను ఏ టెంప్లేటు నుంచి పుట్టిందో పూర్తి దారితో లోపల రాసుకుంటుంది. ఆ టెంప్లేటు ఇప్పుడు లేని సర్వరు మీద ఉండి ఉంటే వర్డ్ దానికోసం వెతికి వెతికి విసిగేదాకా పత్రం తెరుచుకోదు. స్టైళ్లు పత్రంలోనే నకలుగా ఉంటాయి గనుక రూపం చెడదు, టెంప్లేటులోని మాక్రోలే అందవు. డెవలపర్ ట్యాబులో డాక్యుమెంట్ టెంప్లేట్ తెరిచి కొత్త దారి ఇచ్చి సేవ్ చేయాలి. వందల పత్రాలుంటే ఒక్కొక్కటీ మార్చడం కుదరదు. పాత చోటు సొంత డిస్కులోనిదే అయితే ఒక ఉపాయముంది: పాత ఫోల్డరు పేరు మార్చి, కమాండ్ ప్రాంప్టులో ఎమ్‌కేలింక్ ఆదేశానికి జె స్విచ్ (ఆదేశం తీరును మార్చే గుర్తు) చేర్చి, పాత పేరుతో కొత్త ఫోల్డరుకు జంక్షన్, అంటే దారి మళ్లింపు, కట్టడం. పాత దారిన వెళ్లిన వర్డ్ తెలియకుండానే కొత్త చోటికి చేరుతుంది. పోయిన సర్వరు దారులకు ఇది పనిచేయదు.

జరపకుండా నకలు తీయాల్సినవి

మామూలు ఆటోకరెక్ట్ మాటలు నార్మల్‌లో ఉండవు. రోమింగ్, మైక్రోసాఫ్ట్, ఆఫీస్ ఫోల్డరులో ఏసీఎల్ తోకతో భాషకొక ఫైలు ఉంటుంది, పేరులో ఆ భాష సంఖ్య ఉంటుంది. అమెరికన్ ఇంగ్లిషుకు 1033, భారతీయ ఇంగ్లిషుకు 16393, తెలుగుకు 1098. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసేవారు ఇక్కడ ఒకటి గమనించాలి. తెర మీద తెలుగు కనిపిస్తున్నా వర్డ్ దృష్టిలో అది ఇంగ్లిషు అక్షరాల వరుసే. కాబట్టి వారు చేర్చుకున్న మాటలు ఇంగ్లిషు ఫైలులోకి చేరతాయి. 1098 ఒక్కటే దాచుకుంటే చేతికి ఏమీ మిగలదు. ఫోల్డరులోని ఏసీఎల్ ఫైళ్లన్నిటినీ తీసుకోవాలి.

సొంత నిఘంటువు యూప్రూఫ్ ఫోల్డరులో కస్టమ్ డాట్ డిక్ పేరుతో ఉంటుంది. అది మామూలు టెక్స్ట్ ఫైలు, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడవచ్చు. దీన్ని మాత్రం తరలించవచ్చు కూడా: ప్రూఫింగ్ పేజీలో కస్టమ్ డిక్షనరీస్ తెరిచి, కొత్త చోట ఉన్న ఫైలును చేర్చి, దాన్నే డీఫాల్టుగా చేస్తే సరి. బిల్డింగ్ బ్లాక్స్‌కు, అంటే దాచుకున్న రెడీమేడ్ భాగాలకు, రోమింగ్ కిందనే డాక్యుమెంట్ బిల్డింగ్ బ్లాక్స్ అని వేరే ఫోల్డరుంది. వర్డ్ పైభాగంలోని బటన్ల పట్టీ, అంటే రిబ్బన్, మార్పులు మాత్రం రోమింగ్‌లో కాకుండా పక్కనున్న లోకల్ ఫోల్డరులో, వర్డ్ డాట్ ఆఫీస్‌యూఐ అనే ఫైలులో ఉంటాయి. వాటిని రిబ్బన్ మార్చుకునే పేజీ నుంచే ఎక్స్‌పోర్ట్ చేసి సెట్టింగ్స్ ఫోల్డరులో దాచుకోవడం తేలిక.

ఫాంట్లను మరచిపోతే మిగతాదంతా దండగ. అను ఫాంటు లేని కంప్యూటర్లో ఆ పత్రం అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలుగా తెరుచుకుంటుంది. యూనికోడ్ పత్రానికి ఆ ప్రమాదం లేదు. మండలి, రామభద్ర వంటి ఫాంటు లేకపోతే వేరే తెలుగు ఫాంటు వస్తుంది, చదవగలం, కానీ పేజీల లెక్క మారిపోతుంది. అడ్మిన్ హక్కులు లేకుండా వేసిన ఫాంట్లు విండోస్ 10 నుంచి సి డ్రైవ్ విండోస్ ఫాంట్స్‌లో కాక యాప్‌డేటా లోకల్‌లోని ఫాంట్స్ ఫోల్డరులో ఉంటాయి. ఫాంట్ల అసలు ఇన్‌స్టాల్ ఫైళ్లను సెట్టింగ్స్‌లో ఒక చోట పోగుచేసి పెట్టుకోవాలి.

లిబ్రెఆఫీస్‌లో పని ఇంత చిక్కుగా ఉండదు. రోమింగ్, లిబ్రెఆఫీస్, 4, యూజర్ అనే ఒక్క ఫోల్డరులోనే టెంప్లేట్లు, ఆటోటెక్స్ట్, నిఘంటువు, సెట్టింగులు అన్నీ ఉంటాయి. ప్రోగ్రామును మూసి ఆ ఫోల్డరు మొత్తాన్ని కాపీ చేస్తే చాలు. చోటు మార్చాలంటే టూల్స్, ఆప్షన్స్, పాత్స్ పేజీలో టెంప్లేట్స్, మై డాక్యుమెంట్స్ వరుసలను మార్చాలి.

నకలు తీసే ఆదేశం

విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ అనే కాపీ ఆదేశం ఈ పనికి సరిపోతుంది. ఆదేశాలను వరుసగా నడిపే ఒక బ్యాచ్ ఫైలులో కొన్ని వరుసలు: మొదట యాప్‌డేటాలోని ఏసీఎల్ ఫైళ్లు, యూప్రూఫ్, బిల్డింగ్ బ్లాక్స్, జరపని టెంప్లేట్లను వర్క్‌లోని సెట్టింగ్స్‌లోకి, తర్వాత వర్క్ మొత్తాన్ని బయటి డిస్కులోకి. దారుల్లో తెలుగు అక్షరాలుంటే బ్యాచ్ ఫైలు తడబడుతుంది, ఇంగ్లిషు పేర్లు పెట్టుకొమ్మన్నది ఇందుకు కూడా.

స్విచ్‌ల విషయంలో జాగ్రత్త అవసరం. లోపలి ఫోల్డర్లు కూడా రావాలంటే ఇ స్విచ్. మిర్ స్విచ్ అద్దంలా పనిచేస్తుంది: ఇక్కడ చెరిపింది అక్కడా చెరిపేస్తుంది. మూలం, గమ్యం తారుమారుగా రాస్తే పాత బ్యాకప్ వచ్చి నేటి ఫైళ్లను తుడిచేస్తుంది. కాబట్టి ఇ చాలు. ఫైలు తెరిచి ఉండి కాపీ కాకపోతే రోబోకాపీ మామూలుగా 30 సెకన్లకొకసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. అంటే తెరిచి మరచిపోయిన ఒక్క పత్రం దగ్గర రాత్రంతా ఆగిపోతుంది. మళ్లీ ఎన్నిసార్లు ప్రయత్నించాలో చెప్పే ఆర్ విలువ 2, మధ్యలో ఎన్ని సెకన్లు ఆగాలో చెప్పే డబ్ల్యూ విలువ 5 ఇస్తే మరో రెండుసార్లు చూసి ముందుకు పోతుంది. జంక్షన్లు కట్టి ఉంటే ఎక్స్‌జె చేర్చాలి, లేదంటే ఒకే ఫోల్డరు రెండు చోట్ల కాపీ అవుతుంది. బయటి డిస్కును పని కాగానే ఊడదీయాలి. తగిలించి ఉన్న డిస్కును, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ కూడా వదలదు.

వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ రెండో నకలుగా బాగుంటాయి, ఏకైక నకలుగా కాదు. ఇక్కడ చెరిపిన ఫైలు అక్కడా పోతుంది, సొంత ఖాతాలైతే వాటి చెత్తబుట్టలో 30 రోజులే ఉంటుంది. పని మధ్యలో వర్డ్ తనంతట దాచే ఆటోరికవర్ ఫైలును బ్యాకప్ అనుకోవడమూ ఇలాంటిదే. పత్రాన్ని మామూలుగా సేవ్ చేసి మూయగానే ఆ ఫైలు మాయమవుతుంది.

వర్డ్ ఆప్షన్స్‌లో మార్చిన దారులన్నీ విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఉంటాయి, ఫార్మాట్‌తో అవీ పోతాయి. విండోస్ మళ్లీ వేశాక వర్డ్ పాత చోట్లకే చూస్తుంది. అందుకే ఏ గడిలో ఏ దారి ఇచ్చారో, ఏ ఫోల్డర్లను నమ్మదగినవిగా చేర్చారో ఒక టెక్స్ట్ ఫైలులో రాసి సెట్టింగ్స్‌లో పెట్టండి. ఆ చిట్టా సరిపోతుందో లేదో తెలుసుకోవడానికి అదే కంప్యూటర్లో కొత్త యూజర్ ఖాతా తెరిచి, బయటి డిస్కును మాత్రమే ముందు పెట్టుకుని, ఒక క్రయ దస్తావేజును మొదటి పేజీ నుంచి ప్రింటు దాకా తీసి చూడండి. ఎక్కడ చేయి ఆగితే అక్కడ చిట్టాలో ఒక వరుస తగ్గిందన్నమాట. దాన్ని రాసి, ఆ ఖాతాను తీసేయవచ్చు.